గీతలు లేని పొర

నేను ఒక ప్లాస్టిక్ పొరని. తపాలా బిళ్ళ కన్నా కాస్త పొడుగు, కాస్త మందం, అంతే. పుట్టింది రెండు వేల పద్నాలుగు ఆగస్టు పదకొండు, సోమవారం. ఆ ఉదయం నన్ను చేసిన ఇద్దరమ్మాయిలూ విశాఖపట్నంలో తమ ప్రయోగశాల కింద ఉన్న క్యాంటీన్లో పెసరట్టు ఉప్మా తిన్నారు. సబ్బుతో చేతులు కడుక్కుని తొడుగులు వేసుకున్నా అల్లం పచ్చడి వాసన నా దాకా వచ్చింది. పుట్టగానే మంచి వాసన తగలడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీం పెట్టే కప్పులు మా వంశంవే. నాకు మాత్రం చదువుకున్నవాళ్ళ చేతుల్లో పడే యోగం పట్టింది. ప్లాస్టిక్ గింజలు కరిగించి, సన్నని గీతలు చెక్కిన లోహపు అచ్చు మీద నొక్కితే నేను వచ్చాను. నా ఒక ముఖం నున్నన. రెండో ముఖం నిండా నిలువు గీతలు, దున్నిన చేను లాగా. ఆ చాళ్ళు వెంట్రుక కన్నా ఎంతో సన్నం కాబట్టి మామూలు కంటికి నా రెండు ముఖాలూ ఒకటే.

ఆ గీతల ఆలోచన ఇద్దరిలో నూకరత్నానిది. అనకాపల్లి దగ్గరి పిల్ల. ఒళ్ళు కాలినవాళ్ళకి అతికించడానికి చర్మ కణాలను పొరల మీద పెంచడం ఆ ప్రయోగశాల పని. నున్నటి పొర మీద కణాలు నిలదొక్కుకోక, పెరిగినవి కూడా ముట్టుకుంటే చిరిగిపోయేవి.

"మా ఇంట్లో తిరగలి అరిగిపోయి నున్నగా అయితే గింజ జారిపోతాది సార్. కక్కు కొట్టించి రాయిని గరుకు చేస్తేనే నలుగుతాది. కణానికీ కాలూనుకునే చోటుండాలి కదా" అందామె, ప్రయోగశాల పెద్ద జగన్నాథం గారితో.

"అయితే రేపట్నించి ఉలీ సుత్తీ పట్టుకురా తల్లీ" అని ఆయన నవ్వారు. నవ్వినా అచ్చు చేయించి ఇచ్చారు.

రెండో అమ్మాయి హరిణి పక్క బల్ల మీద పనిచేసేది. ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా. "నీ తిరగలి తిరిగాక నాకు పిండి పంచడం మర్చిపోకే" అనేది.

"పిండి నీకే. విసరడం కూడా నువ్వే విసురు" అనేది రత్నం.

హరిణికీ ఒక పద్ధతి ఉంది. ఆమె నున్నటి పొరకే జిగురు పూత పూసేది. ఏడాది తిరిగేసరికి ఇద్దరిలో ఒకరికే అక్కడ చోటుంటుందని జగన్నాథం గారు ముందే చెప్పారు. ఎవరి పొర మీద కణాలు బాగా పెరిగితే వాళ్ళు ఉంటారు, రెండో మనిషి వెళ్ళాలి. ఈ సంగతి తెలిసీ ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకునేవారు. అది చూసి మనుషుల మీద నాకు గౌరవం పుట్టింది. తొందరపడ్డాను.

ఏ ముఖాన గీతలున్నాయో కంటికి తెలియదు కదా, అందుకు వాళ్ళకో ఆనవాలు ఉండేది. గీతల ముఖం తమవైపు ఉండేలా పొరను నిలువుగా పట్టుకుని, కుడివైపు పై మూల కత్తిరించేవారు. ఆ రోజు అచ్చు నుంచి నన్నూ నా తోటి పొరలనూ ఊడదీసింది రత్నం, మూలలు కత్తిరించింది హరిణి. హరిణిది ఎడమచేతి వాటం. కుడి మూలకు కత్తెర అందక, కబుర్లలో పడి, మా ఎడమవైపు మూలలు కత్తిరించేసింది. కావాలని చేయలేదు. ఆమె వేళ్ళ మధ్యే ఉన్నాను కాబట్టి ఆ మాట నేను చెప్పగలను.

రత్నం మూల చూసింది, నమ్మింది, నన్ను గాజు గిన్నెలో పరిచి పైన కణాలు చల్లింది. ఒంటి వెచ్చదనంతో ఉండే పెట్టెలో పెట్టి, గులాబీరంగు నీరు పోసి పసిపిల్లల్లా సాకింది. పాపం కణాలు వచ్చి వాలాయి గానీ, నున్నటి వీపు మీద పట్టు దొరక్క తలోదిక్కూ పాకాయి. నా గీతలేమో అడుగున బోర్లా పడి ఉన్నాయి. చెప్పడానికి నాకు నోరు లేదు.

"కణాలకి నీ తిరగలి నచ్చలేదమ్మా" అన్నారు జగన్నాథం గారు.

"మళ్ళీ చేస్తాను సార్."

"ఆస్పత్రి డాక్టరు గారు పొర ఎంచుకోడానికి శుక్రవారం వచ్చేస్తున్నారు. అప్పటికి చూపించడానికి హరిణి పొరే ఉంది మరి."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హరిణి నా మీది కణాలకు రంగు వేసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పిడి తిప్పింది. కణాలు మసకబారి, వాటి కింద లోతులో గీతలు తేలాయి. ఆమె చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. తరువాత నా మూల చూసింది, తన ఎడమచెయ్యి చూసుకుంది.

అప్పుడే రత్నం లోపలికి వచ్చింది. "ఏటే, అంతలా చూస్తన్నావు?"

"ఏం లేదే. సర్దుతున్నాను."

"పారెయ్. దాని మొహం చూడలేను."

హరిణి పారేయలేదు. ఒక డబ్బాలో పెట్టి మూత వేసింది. అది దయ అనుకున్నాను. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటాను.

రత్నం వెళ్ళిపోయి అనకాపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరర్ అయింది. కొన్నేళ్ళకు హరిణి గీతలను కాస్త వెడల్పు చేసి పొరలు అచ్చు వేసింది. కణాలు బుద్ధిగా వరస కట్టాయి. వెడల్పు చేయబట్టే పట్టు దొరికిందని అందరూ నమ్మారు. పేరు హరిణికి వచ్చింది, జగన్నాథం గారు రిటైరయ్యాక ఆయన కుర్చీ కూడా.

మొన్న ప్రయోగశాలను కాలేజీ పిల్లలకు చూపించే రోజు వచ్చింది. హరిణి పొర ఒకటి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. పక్కన ఇంకో సూక్ష్మదర్శిని కింద పోల్చి చూపడానికి నున్నటిది కావాలని, కొత్తగా చేరినవాళ్ళెవరో పాత డబ్బా వెదికి, చిందరవందర కణాలు చూసి నన్నే తీశారు. 'గీతలు లేనిది' అని చీటీ అంటించారు. హరిణి చూసింది. ఒక్క పూటే కదా అనుకుందేమో, ఊరుకుంది.

సాయంత్రం ఆఖరి జట్టును తీసుకొచ్చింది రత్నం. పిల్లలకు చూపిస్తూ నా మీదికి వంగి, అలవాటుగా పిడి తిప్పింది. అడుగున తన సన్నని గీతలు తేలాయి. ఆగిపోయింది. "మీరెళ్ళి బస్సులో కూచోండి, వచ్చేస్తాను" అంది.

పిల్లలు వెళ్ళాక హరిణి వైపు తిరిగింది. "ఇది నాది. బోర్లా పెట్టాను, కదేటే?"

"నువ్వు సరిగ్గానే పెట్టావు. నేనే మూల తప్పు కత్తిరించాను."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ వారమే."

రత్నం స్టూలు మీద కూర్చుంది. "ఏటా మా పిల్లలకి చెప్తాను. ఆలోచన ఎంత ముద్దొచ్చినా ప్రయోగం కాదంటే వదిలేయాలి, నేనూ ఒకటి వదిలేశానర్రా అని. నవ్వుతా చెప్తాను."

"ఈ పరిశోధన మీద నీ పేరు వేయిస్తాను రత్నం. ఇప్పటికైనా."

"వేయించు. అది నాకు రావాల్సిందే." ఆమె గొంతు పెంచలేదు. "ఉద్యోగం పోతే ఇంకోటి దొరికింది. ఆ తరవాత నాకు ఏ ఆలోచన వచ్చినా ముందు నేనే కొట్టిపారేసుకున్నాను. అవి ఎవరి పేరన వేయిస్తావు?"

కింద బస్సు హారన్ మోగింది. రత్నం లేచి, తన వేలు తగిలిన అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి మరీ వెళ్ళింది.

చాలాసేపటికి హరిణి నా చీటీ ఊడదీసింది. కొత్త చీటీ తీసుకుని, కలం మూత విప్పి, మళ్ళీ పెట్టేసింది. తరువాత పట్టకారుతో నన్ను పట్టి, గిన్నెలో తిరగేసింది. ఆ బల్ల మీద నా గీతలు పైకి చూడటం అదే మొదటిసారి. వాటి మీద వాలడానికి ఒక్క కణం లేదు.

దీపాలు ఆరిపోయాయి. లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, ఆమె తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసింది.