పాత అట్టల దండ

ముత్తుకృష్ణన్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. కోవిల్‌పట్టి మిల్లులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసి, లావుపాటి పుస్తకం ముందేసుకుని జావాస్క్రిప్ట్ సొంతంగా నేర్చుకున్న మనిషి ఆయన. ఇప్పుడున్నది విరుదునగర్‌లో, చెల్లెలి నేత షెడ్డులో. మేనకోడలు జోతిలక్ష్మి గీసే చీర అంచులను ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే అట్టల రంధ్రాల పటంగా మార్చేది ఒక పాత డాస్ ప్రోగ్రాము. దాన్ని ఒక్క మీటతో నడిపించే స్క్రిప్టును ఆయన రాసిచ్చాడు. డిస్కు నిండిపోయిందని, పని కాగానే అంచు గీసిన మూలం ఫైలును తుడిచేసే వరుసను ఈ పొద్దున్నే దానికి చేర్చాడు.

షెడ్డుకు పేరు తెచ్చిన పత్తికాయ అంచుకు అట్టలు అరిగిపోయాయి. కొత్తవి కావాలి. జోతిలక్ష్మి మీట నొక్కింది.

"మామా, పటం ఖాళీగా ఉండాదే! నా ఫైలు ఏడ?"

ఆయన స్క్రిప్టు తెరిచాడు. ప్రోగ్రామును పిలిచిన వరుసలో, అది ముగిసేదాకా ఆగమనే మాట లేదు. అది లేచి ఫైలు తెరిచేలోగా కింది వరుస ఫైలును తుడిచేసింది.

"తప్పు నాదే," అన్నాడు. ఆ మాట ఆయన నోట అరుదు.

"అంచు గీసిన గ్రాఫు కాయితం సెదలు తినె గదా! ఇంక ఆ అంచు ఏడ దొరికేది?"

"పాత అట్టలుండాయి గదా..." అంటూనే ఆయన చటుక్కున లేచాడు. మగ్గం మీది ఆ అట్టల దండను దించి పొయ్యిలో వెయ్యమని అట్టలు గుచ్చే వీరసామికి పొద్దున్నే చెప్పింది ఆయనే.

చెప్పులు వేసుకోకుండానే మగ్గాల వైపు పరుగెత్తాడు.

"వీరసామీ! ఆ దండ ఏమి సేస్తివి?"

"ఏమి సేసేది అయ్యా? మగ్గం మీదనే ఉండాది."

"తీసెయ్యమంటిని గదా!"

"అంటిరి. కొత్త దండ ఒక జానెడు నేసి సూపించేదాకా పాతది దించే వళక్కం మాకు లేదు. మీరు పెద్ద ఆపీసరు, కేకేసి పోతారు. తరవాత అంచు ఏడ అని అడిగేది నన్నే గదా?"

జోతిలక్ష్మి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. తిరిగి వెళ్లి, పిలిచిన పని ముగిసేదాకా ఆగమని ఆ వరుసలో రాశాడు. తుడిచే వరుసను పూర్తిగా తీసేశాడు.

తర్వాత అరిగిన అట్టలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి, రంధ్రాలు చదవసాగాడు. మోకాలు ఊగుతూనే ఉంది.

"మామా, ఉండండి! నేను ఒకటి గీసినాక ఇంకొకటి సెప్పండి."

ఆయన నోరు మూసుకుని, అట్ట పట్టుకుని, ఆగాడు.