ఏడో నంబరు గడియారం

“దొంగ” అన్న మాట చెవిన పడగానే అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. మోకాళ్ల నొప్పులంటూ ఇందాక మెట్ల దగ్గర నా భుజం మీద వాలిన మనిషి ఈవిడేనా అనిపించింది.

“ఇంకోసారి చదువు నాయనా,” అంది.

రికార్డుల గుమాస్తా తుమ్మాడు. వందేళ్ల దుమ్ములో ఉద్యోగం ఆయనది. తుమ్మకుండా ఒక వాక్యం పూర్తిచేయడం నేనెప్పుడూ చూడలేదు. రంగు మారిన కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చదివాడు.

“ఆసుపత్రికి ఉన్న ఒకే ఒక గడియారం, వెనక సామాన్ల జాబితాలోని ఏడో నంబరు చెక్కినది, తొమ్మిదో తేదీన పురుడుగదిలోని మేకు మీదనుంచి పోయినది. మంత్రసానిని దొంగతనం కింద పనిలోంచి తీసివేయడమైనది. సంతకం, డాక్టరు.”

ఆ మంత్రసాని మా అమ్మమ్మకి అమ్మమ్మ. దొరల కాలంలో ఈ ఆసుపత్రిలోనే పదకొండేళ్లు పురుళ్లు పోసింది. ఆమె గురించి ఆధారాలు వెతకడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త ప్రసూతి వార్డుకి ఆమె పేరు పెడుతున్నారు. బయట పెయింటరు నిచ్చెన మీద నిలబడి ఆఖరి అక్షరం దిద్దుతున్నాడు. ఇంతలో పాత కట్టలు సర్దుతూ గుమాస్తా ఈ కాగితం బయటకి లాగాడు.

“మా అమ్మ ఎందుకు నోరు విప్పేది కాదో ఇప్పుడు తెలిసింది,” అంది అమ్మమ్మ మెల్లగా. “మీ అమ్మమ్మ సంగతి అడక్కు అనేది. అంతే.”

ఆసుపత్రి కమిటీ ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. రిటైరైన వకీలు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన వెనక గోడ మీద ఫొటోలో మీసాలు మెలేసుకుని నిలబడ్డ డాక్టరు ఆయన ముత్తాతే. ఆ కాగితం మీద సంతకం కూడా ఆ మీసాలదే.

“నాకూ బాధగానే ఉందమ్మా. కానీ దొంగతనం కింద తీసేసిన మనిషి పేరు వార్డుకి ఎలా పెడతాం? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ముత్తాత పట్టారు మరి.” జేబులోంచి గొలుసు లాగి గడియారం చూసుకున్నాడు. “ఇరవై మూడు నిమిషాలుంది. ఈలోగా ఏదైనా రుజువు చూపిస్తే సరే. లేదంటే పేరు చెరిపించాల్సిందే.”

కిటికీలోంచి పెయింటరు తల పెట్టాడు. “సార్, చెరపమంటారా, ఉంచమంటారా? రంగు ఆరిపోతే గీకాలి. గీకుడికి వేరే మనిషిని చూసుకోండి.”

“నువ్వాగవయ్యా!”

“ఆగడానికి కాళ్లు లాగుతున్నాయి సార్. కింద కూర్చుంటా.”

నేను పుట్టిన పిల్లల రిజిస్టరు ముందుకి లాక్కున్నాను. ఈ మూడేళ్లలో దీన్ని ఎన్నిసార్లు తిరగేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె అక్షరాల కోసమే. గుండ్రంగా, ఒద్దికగా ఉంటాయి. ఫలానా వీధి, ఆడపిల్ల, ఉదయం నాలుగు గంటల పదకొండు నిమిషాలు. తొమ్మిదో తేదీ తర్వాత ఆ అక్షరాలు ఆగిపోతాయి. అవి ఆగిన పేజీ దగ్గర నేనూ ఆగిపోయేదాన్ని. మనవాళ్లు లేని పేజీతో మనకేం పని అనుకున్నాను.

ఇప్పుడు ఆ పేజీ తిప్పాను.

“ఏం చూస్తున్నావే?” అమ్మమ్మ వంగింది.

“ఆవిడ తర్వాత ఎవరు రాశారో.”

రెండు చేతిరాతలున్నాయి. ఒకటి కొత్త మంత్రసానిది, కోడి కాళ్లతో గీసినట్టుంది. రెండోది పొడుగ్గా, పక్కకి ఒరిగి ఉంది. డాక్టరుది.

నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్ని. ఏ కాగితం చేతికిచ్చినా కళ్లు ముందు టైము గడి మీదకే పోతాయి. ఇంట్లో కరెంటు బిల్లుకి కూడా అంతే, మా ఆయన నవ్వుకుంటాడు. పదో తేదీ, కొత్త మంత్రసాని: ‘కోడి కూశాక.’ పన్నెండు: ‘దీపాల వేళ.’ పద్నాలుగు: ‘ఎండ నడినెత్తికి వచ్చాక.’ పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? గడియారం లేదుగా.

దాని కిందే డాక్టరు రాత. పదిహేను: ‘రెండు గంటల పదిహేడు నిమిషాలు.’

నా వేలు అక్కడే ఆగింది.

“గుమాస్తాగారూ, అప్పట్లో ఆసుపత్రిలో గోడ గడియారం ఉండేదా?”

“లేదు మేడమ్, అది ఏడాది తర్వాత...” తుమ్ము. “...వచ్చింది. అప్పటిదాకా ఆ ఒక్కటే.”

“డాక్టరుగారికి సొంత గడియారం?”

“ఎక్కడిది? నాకొకటి ఇప్పించండని దొరకి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. మూడుసార్లూ కుదరదన్నారు. అవీ ఈ కట్టలోనే ఉన్నాయి.”

రిజిస్టరు తిప్పి ఛైర్మన్ ముందు పెట్టాను. “మీరే చదవండి సార్. డాక్టరుగారు రాసినవి మాత్రం.”

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. “పదిహేను, రెండు గంటల పదిహేడు నిమిషాలు. పద్దెనిమిది, ఆరు గంటల నలభై రెండు నిమిషాలు. ఇరవై ఒకటి, తొమ్మిది గంటల...” గొంతు నెమ్మదించింది. “తొమ్మిది గంటల అయిదు నిమిషాలు.”

“గడియారం పోయింది తొమ్మిదో తేదీన,” అన్నాను. “మరి ఈ నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయి?”

గుమాస్తా వస్తున్న తుమ్ముని లోపలే నొక్కుకున్నాడు.

“నెలాఖరున డాక్టరుగారికి బదిలీ అయింది. తర్వాత చూడండి. మళ్లీ కోడి కూత, దీపాల వేళ. ఆయనతో పాటు నిమిషాలు కూడా బదిలీ అయిపోయాయి.”

వకీలు బుద్ధి ఊరుకుంటుందా? “రాతలో నిమిషాలుంటే వస్తువు చేతిలో ఉన్నట్టు కాదమ్మాయ్. అంచనాగా రాసి ఉండొచ్చు. వస్తువు కావాలి.”

అప్పుడు అమ్మమ్మ చెయ్యి చాపింది. పక్కింటావిణ్ని చేటడిగినంత మామూలుగా.

“బాబూ, ఇందాక జేబులోంచి తీశావే, అది ఎవరిది?”

“మా ముత్తాతది. మా ఇంట్లో తరతరాలుగా...” ఆయన ఆగిపోయాడు.

“వెనక ఏముందో చూడు.”

చూడకుండానే ఆయనకి తెలుసని ముఖమే చెబుతోంది. అయినా గడియారాన్ని మెల్లగా బోర్లించాడు. అరిగిన వెండి మీద అంకె ఒక్కటే, చక్కగా, లోతుగా చెక్కి ఉంది. ఏడు.

“మా ముత్తాత ఏడో సంతానం,” అన్నాడు నీరసంగా. “అందుకే వాళ్ల నాన్న ముచ్చటపడి చెక్కించారని మా ఇంట్లో చెప్పేవారు.”

“ఎంతమంది పిల్లలు వాళ్లు?” అడిగింది అమ్మమ్మ.

ఛైర్మన్ ఫొటో వంక చూశాడు. మీసాల వంక చూశాడు. ఉన్నట్టుండి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు!

“నలుగురు,” అన్నాడు. “నలుగురే అమ్మా! ఇన్నేళ్లలో ఒక్కరమంటే ఒక్కరం లెక్కపెట్టుకోలేదు!”

అమ్మమ్మ కూడా నవ్వేసింది. “కంచే చేను మేసిందన్నమాట.”

ఆయన గొలుసు విప్పి గడియారాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, గుమాస్తాకి ఇచ్చేసింది. “ఆసుపత్రి సొత్తు. మేకు ఎక్కడుందో వెతికి తగిలించు నాయనా.”

కిటికీలో మళ్లీ తల. “సార్, రంగు ఆరిపోతోంది. ఏం తేల్చారు?”

“చెరపకయ్యా. ఇంకో కోటింగు వెయ్యి, వందేళ్లు చెరక్కూడదు. ఆవిడ దొంగ కాదు.”

“మరి దొంగెవరు సార్?”

ఛైర్మన్ లేచి చొక్కా సర్దుకున్నాడు. బయట వరండాలో రిబ్బను కోసం చేరిన జనానికి కూడా వినపడేలా, కోర్టులో చెప్పినట్టు చెప్పాడు.

“మా ముత్తాత!”