గుడ్డ మీది ఇల్లు

వంటింటి కిటికీ తెరవబోతే రంగనాయకి వేళ్లకు నీలిరంగు అంటుకుంటుంది. అక్కడ కిటికీ లేదు. గుడ్డ మీద వేసిన కిటికీ ఉంది.

ఆమె కాకినాడలో ఒక నాటకసమాజానికి ముప్పయ్యేళ్లుగా తెరలు వేస్తోంది. ఎన్ని రాజసభలు, ఎన్ని అడవులు వేసిందో ఆమెకే గుర్తులేదు. అందుకే కంగారుపడదు. కాస్త వెనక్కి జరిగి చూస్తుంది. పని బాగుంది. ఊచల కింద నీడ మాత్రం అవసరానికి మించి చిక్కగా పడింది. నీడను అంత చిక్కగా వేసే చెయ్యి ఊళ్లో ఒక్కటే, చెల్లెలు ఇందుమతిది. ఆ చేతికి కుంచె పట్టించింది రంగనాయకే.

గోడను తడుతుంది. గోడ ఊగుతుంది. పొయ్యి, గంజిగిన్నె, దేవుడి పటాలు, అన్నీ గుడ్డే.

పక్కగదిలో అమ్మ ఎప్పటిలాగే ఓ పక్కకి తిరిగి కూర్చుని ఉంది. "అమ్మా" అని భుజం మీద చెయ్యి వేస్తే, భుజం మెత్తగా లోపలికి పోతుంది. ఈమధ్య అమ్మ అన్నం ఎందుకు ముట్టడం లేదో, రెండో చెంప ఎందుకు కనబడడం లేదో రంగనాయకికి ఇప్పుడు తెలుస్తుంది. చీర అంచు దగ్గర రంగు ఇంకా పచ్చిగా ఉంది. అక్కడ మెల్లగా ఊది, బయటికి నడుస్తుంది.

నాటకశాలలో ఉదయం ఆట. జనం కిక్కిరిసి ఉన్నారు. రంగస్థలం మీద ఆమె ఇల్లు ఉంది, ఇటుకలతో సహా. పొయ్యి మీద నిజం పాలు పొంగుతుంటే చప్పట్లు కొడుతున్నారు. ఇందుమతి మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొస్తుంది.

"ఇది మనిల్లు కదే," అంటుంది రంగనాయకి కింద నుంచి.

"నీ ఇల్లు నీకు అక్కడే ఉంది కదక్కా. అంగుళం తేడా రానివ్వలేదు."

"తడితే ఊగుతోంది."

"తట్టి చూసేవాళ్ల కోసం కాదు మనం వేసేదని నువ్వే చెప్పావు."

అది తను చెప్పిన మాటే.

"నోరు తెరిచి అడిగితే ఇవ్వనా, ఇందూ?"

"అడిగితే గీసిస్తావు. గాజులు అడిగితే చేతికి గీశావు. పెళ్లి చెయ్యమంటే పందిరి గీసిచ్చావు. దాని కింద ఎంతసేపు కూర్చున్నానో నీకు తెలీదు."

పడకగదిలోంచి అమ్మ వస్తుంది. రెండు చెంపలూ ఉన్నాయి.

"నువ్వూ వచ్చేశావా అమ్మా?"

"ఇక్కడ గాలి బాగా తగులుతోందే."

"నాకొక్క మాటైనా చెప్పలేదు."

"చెబితే ఏడుస్తావు. అందుకేగా, ఇందు బొమ్మ వేస్తున్నంతసేపూ నేను కదలకుండా కూర్చున్నాను. నీకు తేడా తెలీకూడదని."

అమ్మ తన కోసం అంతసేపు ఒక్కచోట కూర్చోవడం రంగనాయకి ఎరగదు. పాలవాసన ఆమె దాకా వస్తుంది.

మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లబోతుంది. జనం వైపు ఇంటికి గోడ లేదు. అయినా లేని ఆ గోడ ఆమె మోకాలికి గట్టిగా తగులుతుంది. మళ్లీ ప్రయత్నిస్తే నుదుటికి తగులుతుంది. లోపల అమ్మ గ్లాసులు రెండే కడుగుతోంది.

"కూర్చోండమ్మా, వెనకవాళ్లకి అడ్డం," అంటాడు ముందు వరసలో ఒకాయన మర్యాదగా.

ఇందుమతి ఆమె వైపు చూడకుండానే తాడు లాగుతుంది. తెర దిగుతుంది.

రంగనాయకి బయటికొస్తే, వీధి చివర కూలీలు సముద్రాన్ని వెదురుబొంగుకి చుడుతున్నారు.

"ఇందుమతమ్మగారు తెమ్మన్నారండి, రెండో అంకానికి," అంటాడు వాళ్లలో పెద్దవాడు.

వాళ్లు వంకరగా చుడుతున్నారు. అలా చుడితే నీళ్ల మీద పడ్డ మడత ఇక పోదు. వెళ్లిపోవాలనే అనుకుంటుంది రంగనాయకి. కానీ చూస్తూ చూస్తూ పోలేకపోతుంది. కొంగు బిగించి, అంచులు సరిచేసి, తనే దగ్గరుండి చుట్టిస్తుంది. బొంగు కొస ఒకటి భుజానికెత్తుకుంటుంది. అందరూ నాటకశాల వైపు నడుస్తారు.

చుట్ట లోపల జాలర్లు ఇంకా వల లాగుతూనే ఉన్నారు. ఆ వల తాడు ఆమె మెడ పక్కనే కదులుతోంది.

"ఒడ్డు ఇంకా ఎంత దూరమమ్మా?" అని లోపల్నుంచి ఒకతను అడుగుతాడు.

"మోస్తున్నాను కదా బాబూ," అంటుంది రంగనాయకి.

గుడ్డ అంచులోంచి ఉప్పునీళ్లు కారతాయి. వాటితో పాటు ఓ చిన్న చేప ఆమె జాకెట్లోకి జారి, గుండె పక్కన చోటు చేసుకుని, గుండె కన్నా గట్టిగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది.