గోమార్లూ, బావమరిది కోళ్లూ

మనవరాలి చెవి వెనక గోమారి కనిపించింది. మా అమ్మాయి దాన్ని పట్టకారుతో లాగి, సబ్బునీళ్లలో వేసి, సంచీ సర్దడం మొదలుపెట్టింది.

"ఇంకొక్కటి కనిపించిందా, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాం నాన్నా. సెలవులూ వద్దు, ఏమీ వద్దు."

"కుక్క ఉన్నాక గోమార్లు ఉండవా?"

"కుక్కకి ఉంటే సరే. దిండుకెందుకున్నాయి?"

నా భార్య పోయాక వాళ్లు వచ్చి ఉండడం ఇదే మొదలు. వెళితే మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. ఉండమని అడిగే రకం కాదు నేను.

పనిలోకి దిగాను. కుక్క పేరు దొర. దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి చెవులూ, కాలి వేళ్ల సందులూ దువ్వాను. పశువుల డాక్టరు ఇచ్చిన చుక్కలు మెడ మీద వేశాను. పక్కబట్టలన్నీ మరిగే నీళ్లలో ముంచాను. కొట్టం గోడ బీటల్లో సున్నం కూరాను. మనవరాలు సబ్బునీళ్ల డబ్బా పట్టుకుంది.

"తాతా, ఇది శనగగింజలా ఉంది."

"తినకు."

తీరా దొడ్లోకి వెళ్లొస్తే నా పంచె మీదే మళ్లీ పాకుతున్నాయి. అమ్మాయి కంచె వైపు చూసింది.

"ఈ ఇనుప వల ఎప్పుడు కట్టావు?"

"నిరుడు."

"మావయ్య కోళ్లు రాకుండానా? అమ్మ ఉన్నప్పుడు అవి పొద్దంతా ఈ గడ్డిలోనే ఏరుకు తినేవి. అప్పుడు ఒక్క గోమారి చూశామా? నీ పగ తగలెయ్య!"

పక్కిల్లు నా బావమరిదిది. నా భార్య పోయిన రోజు, ఏడ్చినవాళ్లు కళ్లు తుడుచుకోకముందే కంచం ముందు కూర్చున్నాడు. కూర మారు అడిగాడు. అప్పటినుంచి మాటల్లేవు. చెప్పాల్సింది ఉంటే దొరకు చెబుతాను. అతను వింటాడు.

వల దగ్గర నిలబడి గొంతు పెంచాను. "ఒరే దొరా, కొందరి కోళ్లు ఊరికే తిని కూర్చుంటున్నాయట. పనిస్తే చేస్తాయేమో."

అవతల బావమరిది తన పుంజుతో అన్నాడు. "విన్నావుట్రా? కర్ర పుచ్చుకుని తరిమిన పెద్దమనిషికి ఇప్పుడు మనం కావాలట. బతిమాలమను."

"దొరా, బతిమాలడం మన ఇంటా వంటా లేదని చెప్పు."

"అయితే గోక్కోమని చెప్పరా పుంజూ."

మనవరాలు పగలబడి నవ్వింది. నవ్వుతూనే మోచెయ్యి గోక్కుంది. అమ్మాయి గబగబా దాని చొక్కా చెయ్యి పైకి మడవసాగింది.

నేను బతిమాలలేదు. కటింగ్ ప్లేయరు తెచ్చి వల నిలువునా కోశాను.

మోచేతి మీద ఉన్నది దోమ కాటు. అప్పటికే కోళ్లు ఇవతలికి వచ్చేశాయి.

సాయంత్రానికి గడ్డంతా గీకి పారేశాయి. నా ఆకుకూర మడినీ వదల్లేదు. ఆ వారమంతా అమ్మాయి పిల్ల తలా, చెవులూ, దిండూ వెతికింది. ఏమీ దొరకలేదు. సంచీ అటకెక్కింది.

మావయ్యని భోజనానికి పిలిచింది కూడా అమ్మాయే. నన్ను అడగలేదు. అతను ఈసారీ అందరికంటే ముందే కూర్చున్నాడు. కంచం ఖాళీ చేసి నా వైపు చూశాడు.

కోళ్లను క్షమించాను. అతన్ని కాదు.

"దొరా," అన్నాను గరిటె పట్టుకుని, "కూర మారు కావాలేమో అడుగు."