ఎడమ కాలు

నేను ఒక ఇత్తడి బేసిన్ని. వెడల్పు మూరెడు, లోతు జానెడు, అంచుకు రెండు పక్కలా చెవులు. ఇప్పుడు ఒక చెవి ఊడిపోయింది, అడుగున చిల్లు పడింది. సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమంలో, స్టోరు గదిలో, విరిగిన వాకర్లకీ చిరిగిన పరుపులకీ మధ్య బోర్లా పడి ఉన్నాను. అంతమాత్రాన నన్ను చూసి జాలిపడక్కర్లేదు. నాతో పుట్టినవాటిలో సగం పెళ్ళిళ్ళలో పులిహోర మోసి మోసి ఎప్పుడో కరిగిపోయాయి. నేను మనుషుల కాళ్ళు కడిగాను. ఆ పని చేసినవాళ్ళకి మనుషుల గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉంటుందని నా అభిప్రాయం.

పుట్టింది ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరంలో. కంచరి సుత్తి దెబ్బలు ఇంకా నా వీపు మీద ఉన్నాయి, తడిమితే తెలుస్తాయి. పల్నాడులో గాదె బాలశౌరి అనే రైతు, కొడుకు టైఫాయిడు నుంచి బతికి బయటపడితే గుడికి ఇత్తడి బేసిను ఇస్తానని మొక్కుకున్నాడు. కొడుకు లేచి కూర్చున్నాడు, నేను గుడికి వచ్చాను. ఈస్టరుకి ముందొచ్చే పెద్ద గురువారం నాడు పూజలో ఫాదరుగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు, యేసుప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినట్టు. ఆ పనికి నేను. ప్రభువు నేర్పింది వినయం. బాలశౌరి నా అంచు మీద చెక్కించింది తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ. గుడి చివరి వరసలో కూర్చున్నవాళ్ళు కూడా చదువుకోవచ్చు.

ఏడాదికి ఒక్కరోజు ఉద్యోగం. మిగతా రోజులన్నీ గుడి వెనక గదిలో, బీరువా అడుగు అరలో చీకట్లో కూర్చోవడం. ఆ ఒక్కరోజు మాత్రం చింతపండు పెట్టి తోమి, తెల్లటి తువ్వాలు కప్పి, పూజపీఠం దాకా ఊరేగించినట్టు తీసుకొచ్చేవాళ్ళు. తీరా చూస్తే నాకు పనే ఉండేది కాదు. ఆ పన్నెండు మంది పేర్లు చదివిన ఆదివారం నుంచీ ఆ ఇళ్ళలో కాళ్ళకి రాయి పెట్టి రుద్దుడే రుద్దుడు. అంత రుద్దిన కాళ్ళని ఫాదరుగారు మళ్ళీ కడిగేవారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీళ్ళు అడుసు తొక్కకుండానే కడిగించుకునేవాళ్ళు. నాలో పడిన నీళ్ళు పడినట్టే తేటగా బయటికి పోయేవి.

ఇంకో సంగతి. కడిగేది కుడికాలు ఒక్కటే. పన్నెండు మందీ వరసగా కూర్చుని కుడి చెప్పు విడిచి కుడికాలు చాపుతారు. రెండూ కడిగితే పూజ ఆలస్యమవుతుందని కాబోలు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్క ఎడమకాలు ఎరగను.

కొత్తగా వచ్చిన ఫాదరుగారికి స్టీలు మీద మోజు. తళతళలాడే కొత్త బేసిను వచ్చింది, నన్ను పది మైళ్ళ అవతల వృద్ధాశ్రమానికి పంపేశారు. అక్కడి పెద్ద సిస్టరు బెర్నదెత్తమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏడాదికొకసారి ఏంటి, దీనికి వారం వారం పని చెప్తాను" అంది. చెప్పింది కూడా. నడుం వంగని వయసు వచ్చాక మనిషికి ముందుగా దూరమయ్యేవి తన కాలిగోళ్ళే. చేతికి అందవు, కంటికి ఆనవు, తియ్యమని ఒకరిని అడగడానికి నామోషీ. గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు వేసి, పావుగంట కాళ్ళు నానబెట్టి, సిస్టరు గోళ్ళు తీసేది. రెండు కాళ్ళూ. నాకు కొత్త బతుకు మొదలైంది. నీళ్ళు మురికిగా పోవడం చూసి ఎంత తృప్తి పడ్డానో చెప్పలేను.

ఆ ఆశ్రమంలో ముప్పై మూడు మంది ఉండేవాళ్ళు. అందులో ముప్పై ఇద్దరు నాకు పాదాలతో సహా తెలుసు. ఒక్క శౌరమ్మే దగ్గరికి రానిచ్చేది కాదు. ఎనభై దాటిన మనిషి. మొగుడు పోయాక నలభై ఏళ్ళు సున్నం బట్టీల్లో రాళ్ళు మోసింది. పిల్లల్లేరు. ఒక రోజు ట్రంకు పెట్టె తనే నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి, "ఈడ చోటుందంటగా" అని అడిగి చేరింది. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. "నా కాళ్ళు నేనే చూసుకుంటాలే సిస్టరా. ఇన్నాళ్ళూ అవే మోసినయ్యి, నేను మోయలేనా" అనేది. కత్తెర ఎక్కడ పడిందో, గోరు ఎక్కడ తెగిందో చూసుకోకుండానే తీసుకునేది.

జులై నెలాఖర్లో అన్నమ్మగారి పండగ వస్తుంది. మరియమ్మకి తల్లి, అంటే బాలయేసుకి అమ్మమ్మ. ఆ రోజు ఆశ్రమంలో పెద్దల పండగ చేస్తారు. ఆ ఏడు గోడ అవతలి కాన్వెంటు బడి పదో తరగతి పిల్లలందరూ వచ్చారు. దండలు వేశారు, శాలువాలు కప్పారు, కేకు కోశారు. పెద్దలే మన సంపద అని హెడ్‌మిస్ట్రెస్ ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆ సంపద ఎండలో కుర్చీల్లో కూర్చుని ఓపిగ్గా విన్నది. తర్వాత చీట్లు తీశారు. ఒక్కో పిల్లకి ఒక్కో అవ్వో తాతో వచ్చారు. ప్రతి ఆదివారం వస్తామని పిల్లలందరూ ఒక్క గొంతుతో మాట ఇచ్చారు. మూడున్నరకి ఈల వేయగానే వరస కట్టి వెళ్ళిపోయారు. ముసలాళ్ళు రాత్రి అన్నాల దాకా శాలువాలు తియ్యలేదు.

ఆదివారం వచ్చింది. మూడు గంటలకల్లా ముప్పై మూడు మందీ తలలు దువ్వుకుని వరండాలో కూర్చున్నారు. శౌరమ్మ కూడా, తనకేమీ పట్టనట్టు చివరి కుర్చీలో. నాలుగైంది. నాలుగున్నరైంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లోపలికి వెళ్ళిపోతున్నప్పుడు గేటు చప్పుడైంది. వచ్చింది ఒక్కతే. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. పేరు జసింత. హాస్టలు పిల్ల, పదో తరగతి.

"ఏందే, దారి తప్పావా?" అంది శౌరమ్మ.

"లేదవ్వా. నీ చీటీ నాకొచ్చింది."

"చీటీ ఆ రోజుకే."

"ఆ రోజుకేనని ఎవురూ చెప్పలా."

ఇద్దరికీ కబుర్లు చెప్పడం రాదు. అరగంట సేపు గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. పై వారం మళ్ళీ వచ్చింది. మూడో వారం ఆ పిల్లకి ఏం తోచిందో, వరండా మూలనున్న నన్ను తీసి వేణ్ణీళ్ళు పోసి శౌరమ్మ ముందు పెట్టింది. శౌరమ్మ వద్దంటుందనుకున్నాను. చాలాసేపు ఆ పిల్ల వంచిన తల చూసి, కుడికాలు పెట్టింది. ఆ కాలి గోళ్ళు తియ్యడానికి గంట పట్టింది. గోళ్ళు తీస్తూ ఉంటే మాటలు వాటంతటవే వచ్చాయి. బట్టీల వేడి, ఆ రోజుల్లో వచ్చిన కరువు, హాస్టల్లో నీళ్ళ చారు, లెక్కల్లో వచ్చిన సున్నా, అన్నీ నాలోనే పడ్డాయి. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే శౌరమ్మ నన్ను తోమిపెట్టేది.

ఎడమకాలు కూడా సంక్రాంతి దాటేదాకా పెట్టింది. ఆ తర్వాత దానికి మేజోడు తొడిగి, "చలి. దాన్ని నేను చూసుకుంటాలే" అంది. ఎండలు ముదిరినా మేజోడు తియ్యలేదు. షుగరు మనిషి. నాకు అనుమానం వచ్చింది. వస్తే మాత్రం, ఇత్తడి ఏం చేస్తుంది?

ఆ ఏడు పెద్ద గురువారం పూజ ఆశ్రమంలోనే పెట్టారు. ఫాదరుగారే వచ్చి ముసలాళ్ళ కాళ్ళు కడుగుతారన్నారు. పన్నెండు మందిలో సిస్టరు శౌరమ్మ పేరు రాసింది. ముందు వద్దంది. తర్వాత, "కుడికాలే గదా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకుంది. నా పాత ఉద్యోగం ఒక్క రోజుకి తిరిగొచ్చింది. జసింత చెంబుతో నీళ్ళు పోస్తోంది, ఫాదరుగారు కడిగి తుడుస్తున్నారు. శౌరమ్మ దగ్గర చెంబు కాస్త వంకరైంది, నీళ్ళు కుర్చీ కింద దాచిన ఎడమకాలి మీద పడ్డాయి. తడిసిన మేజోటి మీద పసుపూ నలుపూ కలిసిన మరక తేలింది, వాసన వచ్చింది. ఫాదరుగారు అప్పటికే పక్క కుర్చీకి జరిగారు. జసింత చూసింది. చెంబు సరిచేసుకుని తనూ పక్క కుర్చీకి జరిగింది.

ఈస్టరు ఆదివారం, పాస్కా పండగ నాటి మధ్యాహ్నం ఆ పిల్ల గది తలుపు దగ్గరగా వేసి, నన్ను కింద పెట్టింది.

"ఎడమకాలు పెట్టవ్వా."

"ఎందుకూ?"

"మొన్న చూశా."

మేజోడు పుండుకి అతుక్కుపోయింది. నీళ్ళలో నానబెడితే గాని ఊడి రాలేదు. చివరి రెండు వేళ్ళూ నల్లగా అయిపోయాయి. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. పక్క మంచం తెరేజమ్మకి కూడా ఇట్టాగే వేలు నల్లబడింది. సిస్టరుకి చెప్పుకుంది. ఆస్పత్రికి నడిచి వెళ్ళిన మనిషి మోకాలి పైదాకా కాలు లేకుండా వచ్చింది. లేవలేనివాళ్ళని ఉంచే వెనక గదిలో, మంచం మీద మూడు నెలలు పడుండి పోయింది.

"నేనట్టా పోలేను పిల్లా. నడుస్తానే పోవాలి. నువ్వెవురికీ చెప్పమాక. ఈ జపమాల మీద చెయ్యేసి ఒట్టెయ్యి. నీకొక్కదానికే చూపించా."

జసింత ఒట్టేసింది. పసుపు రాసి గుడ్డ కట్టింది. నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడిగింది. కడిగిన దాన్నే మళ్ళీ కడిగింది. మూడోసారి కడుగుతూ ఏడ్చింది. నన్ను అక్కడే వదిలేసి, హాస్టలు వైపు కాకుండా, సిస్టరు గది వైపు వెళ్ళింది.

శౌరమ్మని కారెక్కిస్తుంటే ఆ పిల్ల చెయ్యి ఆసరా ఇవ్వబోయింది. "ముట్టుకోమాక" అంది శౌరమ్మ. ఆ మాట అన్న గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడట. పన్నెండో రోజున శౌరమ్మ కర్ర పట్టుకుని తన కాళ్ళ మీదే తిరిగొచ్చింది. వచ్చిందన్న మాటే గాని ఎవరితోనూ పలకలేదు. సిస్టరు మందు రాస్తుంటే గోడ వైపు తిరిగేది. ఆదివారం జసింత వచ్చి, వేణ్ణీళ్ళు పోసి, తెరిచి ఉన్న తలుపు ముందు నన్ను పెట్టుకుని కూర్చుంది. లోపల మనిషి బయటికి రాలేదు. నీళ్ళు చల్లారిపోయాయి. పారబోసి వెళ్ళిపోయింది.

జసింతకి పరీక్షలు అయిపోయాయి. సోమవారం మేనమామ వచ్చి గుంటూరు తీసుకుపోతాడు. ఆ చివరి ఆదివారం కూడా ఆ పిల్ల వచ్చి నీళ్ళు పోసుకుని కూర్చుంది. గదిలోకి చూడకుండా నా నీళ్ళలోకే చూస్తూ మాట్లాడింది.

"మా నాయనమ్మ కూడా ఎవురికీ చెప్పమాకంది అవ్వా. రొమ్ములో గడ్డ. రోజూ నేనే గుడ్డ మార్చేదాన్ని. ఒట్టేయించుకుంది. నేను చెప్పలా."

లోపల మంచం కిర్రుమంది.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"తొమ్మిది."

కర్ర చప్పుడు వినిపించింది. శౌరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి, మూడు వేళ్ళే ఉన్న ఆ పాదాన్ని నాలో పెట్టింది.

"చల్లారినై. వేరేవి తెస్తానుండు" అని జసింత లేవబోయింది.

"వద్దులే. కూచో" అంది శౌరమ్మ. ఆ సాయంత్రం గోళ్ళు తియ్యడం అయిపోయాక కూడా వాళ్ళు చాలాసేపు అలాగే కూర్చున్నారు.

జసింత క్రిస్మస్‌కి ఒకసారి వచ్చింది, కమలాపళ్ళు తెచ్చింది. ఆ తర్వాత రాలేదు. చదువుకునే పిల్ల, వేరే ఊరు. పిల్లలు పెరగాలి, పెరిగితే వాళ్ళ దారి వాళ్ళకుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు. నాకు మాత్రం దిగులేసేది. శౌరమ్మ గోళ్ళు తనే తీసుకుంటానని మళ్ళీ కత్తెరతో కుస్తీ మొదలుపెట్టింది, సిస్టర్ని దగ్గరికి రానివ్వలేదు. ఆదివారం మూడయ్యేసరికి కర్ర పట్టుకుని గేటు దాకా నడిచేది. కాసేపు నిలబడి తిరిగొచ్చేది. ఒక్క వారం తప్పలేదు.

మరుసటి వేసవిలో సిస్టరు చూడలేక, "ఆ పిల్ల ఇక రాదేమో శౌరమ్మా. ఈ ఎండలో ఎందుకు నడవడం?" అంది.

"రాకపోతే రాకపోనీ సిస్టరా. ఆ పిల్ల ఒట్టు తప్పి నిలబెట్టిన కాలిది. ఊరికే కూచోబెడితే దానికి నేనేం జవాబు చెప్పేది?"

అని గేటు దాకా వెళ్ళింది. రోడ్డు అటూ ఇటూ చూసింది, వెనక్కి తిరిగొచ్చింది. వరండాలో కుర్చీలో కూర్చుని, కర్ర గోడకానించి, ఎడమకాలు ముందుకు చాపింది.

"కాసిని నీళ్ళు పెట్టి ఈ గోళ్ళు తియ్యవా సిస్టరా" అని అడిగింది.