పంతొమ్మిది పచ్చ టిక్కులు

మా రాజేంద్రకి నక్షత్రాల పిచ్చి. జాతకాల్లోవి కావు, ఓపెన్ సోర్స్ లైబ్రరీల పక్కన కనిపించే స్టార్లు. ఎవరో పుణ్యాత్ములు కోడ్ రాసి, వాడుకోండని లోకానికి ఉచితంగా వదిలేస్తారు. నచ్చినవాళ్లు దానికో స్టార్ ఇస్తారు. ఎక్కువ స్టార్లున్నదాన్ని కళ్లకద్దుకుని తెచ్చుకోవడం రాజేంద్ర పద్ధతి. నిమ్మాడలో వాళ్ల నాన్న విత్తనాలు కొనేముందు నాలుగు గింజలు కొరికి చూస్తాడట. కొడుక్కి ఆ బుద్ధి అబ్బలేదు.

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీద గది, యాప్‌లు చేసే మా ఆఫీసు. ఉన్నది ఇద్దరమే, అయినా పోట్లాటలకి లోటు లేదు. ఆ వారం పోట్లాట రెండు రకాల లైబ్రరీల మీద, రెంటికీ అతను ఎంచినది ఒకటి, నేను ఎంచినది ఒకటి. ఒకటి, ఫారంలో జనం నింపినది సరిగ్గా ఉందో లేదో చూసి లోపలికి రానిచ్చేది. రెండోది, ఆ వివరాన్ని ఫోన్ నుంచి సర్వర్‌కి చేరవేసి, అక్కడున్నది తెచ్చి చూపించేది.

"ఇరవై వేల స్టార్లున్నాయి మోహినీ, ఇంకేటి కావాల నీకు?" అన్నాడు రాజేంద్ర.

నేను చూసేది వేరు. ఎవరైనా వచ్చి సందేహం అడిగితే ఆ రాసినవాళ్లు ఎలా పలికారో చదువుతాను. తప్పు పడినప్పుడు వచ్చే మాట మా భాషలో పెట్టుకోవడం ఎలాగని అతని ఇరవై వేల స్టార్లదాంట్లో ఎవరో అడిగితే, రెండేళ్లయినా ఉలుకూ పలుకూ లేదు. నేను ఎంచినది చిన్నది, స్టార్లు కూడా అంతంతమాత్రం. కానీ అదే ప్రశ్నకి రెండో రోజునే ఉదాహరణ రాసి మరీ జవాబిచ్చారు. అడిగితే పలకని కొట్లో నేను ఉప్పు కూడా కొనను.

ఇంత పట్టుదల ఎందుకంటే, వాటితో మేం చేయబోయే యాప్ మా ఊరికోసం. మాది అక్కుపల్లి, నాన్న పోలారావు సముద్రం మీద వేటకెళ్తాడు. మా ఒడ్డున ఏ పడవ వెళ్లింది, ఏది తిరిగొచ్చిందన్న లెక్క పెద్దతల్లి అత్తది. చేపల పాక గోడ మీద ఒక్కో పడవకి ఒక్కో సుద్దబొమ్మ గీస్తుంది. నాన్నది పీత. పడవ ఒడ్డుకి చేరాక బొమ్మ చెరిపేస్తుంది. పోయినేడు వాన జల్లు కొట్టి ఆ పీత దానంతటదే కరిగిపోయింది. అమ్మ ఆ రోజు పలాసలో నా దగ్గరుంది. ఫోన్ చేసి అడిగితే, గోడ చూసి, వచ్చేశాడనే చెప్పారు. నాన్న మాత్రం ఇంజను ఆగిపోయి పొద్దుగూకేదాకా నీళ్లమీద కొట్టుకుంటూనే ఉన్నాడు. వెతకడానికి ఒక్కరూ వెళ్లలేదు. ఎలాగో తనంతట తానే చేరాడు కానీ, సంగతి తెలిశాక అమ్మ ముఖం ఎలా అయిందో నేను మరిచిపోలేను.

యాప్ చేస్తానంటే పెద్దతల్లి అత్త వెంటనే ఒప్పుకోలేదు. "ఒక్క ఆదివారం ఇత్తాను. నా గోడ నాను గీసుకుంతాను, నీ ఫోను నువ్వు సూపించు. నిలబడితే గోడ తుడిసెత్తాను. లేపోతే మల్లీ ఈ ఊసెత్తకు," అంది.

శుక్రవారం రాజేంద్రని బండెక్కించుకుని అక్కుపల్లి తీసుకెళ్లాను. ఏ లైబ్రరీ మంచిదో ఆఫీసులో కూర్చుంటే తెలియదు, సరుగుడు తోటలు దాటాక సిగ్నల్ ఒక్క గీత మీద వేలాడేచోట తెలుస్తుంది. చేరవేసే లైబ్రరీలు రెండూ అక్కడ నడిపి చూశాం. అతనిది పేజీ తెరిచేలోపు నేను కొబ్బరిబొండం ఒకటి తాగి, చీల్పించి, లేత కొబ్బరి కూడా తినేశాను. నాది చప్పున తెరుచుకుంది. సిగ్నల్ పోతే వివరాన్ని ఫోన్‌లోనే దాచుకుని, వచ్చాక పంపింది.

"సరే, ఒప్పుకున్నాను. సరిచూసేది కూడా నీదే వాడతాను గానీ రూల్సు మాత్రం నాను రాత్తాను," అన్నాడు రాజేంద్ర. పడవ మనిషి పేరు తప్పనిసరి, రెండక్షరాలకి తగ్గకూడదు, అంకెలు ఉండకూడదు. పడవల నంబర్లు ఉప్పుగాలికి వెలిసిపోయాయి, ఊళ్లో పడవని మనిషి పేరుతోనే అంటారు, కాబట్టి పేరు చాలనుకున్నాం. "ఒక్క దొంగ ఎంట్రీ దూరినా నా పేరు మార్చుకుంతాను," అన్నాడు. నేనూ ఆ రూల్సు చూసి తలూపాను.

ఆదివారం తెల్లవారకముందే పంతొమ్మిది పడవలు వెళ్లాయి. ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని ఒక్కొక్కరే నింపారు. పంతొమ్మిది పచ్చ టిక్కులు పడ్డాయి. రాజేంద్ర ఇసకలో చిన్న గంతేశాడు. వెలుగొచ్చాక పెద్దతల్లి అత్త పక్కన నిలబడి నేను దర్జాగా జాబితా తెరిచి చదివాను.

"మా ఆయన. ఆయనే. మా ఇంటాయన. మా ఆయన. పిల్లల నాన్న. మా ఆయన. మీకు తెలుసు."

ఆ 'మీకు తెలుసు' పెద్దతల్లి అత్త రాసింది.

పాక కింద నవ్వులు మొదలై ఎంతకీ ఆగలేదు. ఒకావిడ తట్ట బోర్లించి దానిమీద కూలబడిపోయి మరీ నవ్వింది. "ఒలే గుంటా, నా పీతని సూడు, ఎవులిదో సెప్పెత్తది. నీ ఫోనులో ఏ ఆయన ఎవులాయనే?" అంది అత్త.

"ఇప్పుడు నీ పేరేటి?" అన్నాను రాజేంద్రతో.

ముందు ఆ ఆడవాళ్లందరి మీదా ఒళ్లు మండింది నాకు. ఆ తర్వాత నామీద నాకే మండింది. మొగుడి పేరు నోటితో అనడం మా ఒడ్డున లేదు. రాయడమూ అనడంతో సమానమే. అమ్మ నోట నాన్న పేరు ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ వినలేదు నేను. రాజేంద్రకి తెలియకపోవచ్చు. ఈ ఇసకలో పుట్టినదాన్ని, నాకేమొచ్చింది? సిగ్గుతో జాబితా కిందికి జరిపాను. అట్టడుగున అమ్మ రాసింది ఉంది.

"మోహిని నాన్న."

పంతొమ్మిదిలో అదొక్కటే ఎవరిదో తెలుస్తోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అత్తా, పడవలొచ్చీలోగా సరిసేత్తాను, ఆగవా?"

"ఆగుతాను. నాకేటి పని?" అని అత్త సుద్దముక్క చెవి వెనక పెట్టుకుంది.

తట్ట మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. తప్పు పడితే వచ్చే మాట మన భాషలో ఎలా పెట్టుకోవాలో ఆ లైబ్రరీవాళ్లు ఉదాహరణతో రాసిపెట్టారు కదా, ఆ పేజీకి మనసులోనే దండం పెట్టాను. పేరు గడి తీసేసి, "ఎవరి నాన్న?" అన్న గడి పెట్టాం. ఖాళీగా వదిలితే, "ఎవరి నాన్నో చెప్పండమ్మా" అని ఎర్రగా వస్తుంది. ఆడవాళ్లు మళ్లీ నింపారు. యువరాజు నాన్న, గౌరి నాన్న, సుస్మిత నాన్న. ఎవరు ఎవరో తేటగా తెలిసింది. ఎనిమిదిన్నర నుంచి పడవలు రావడం మొదలైంది. ఒక్కొక్కరే "వచ్చాడు" అని నొక్కుతుంటే, గోడ మీద బొమ్మలూ ఫోన్‌లో వరసలూ ఒక్కటి తేడా లేకుండా తగ్గుతూ వచ్చాయి. "మోహిని నాన్న వచ్చాడు" అని అమ్మ నొక్కినప్పుడు నేను ఆ వరసకేసి కాసేపు అలాగే చూస్తుండిపోయాను.

గోడ మీద ఇంక కొబ్బరికాయ బొమ్మ ఒక్కటే మిగిలింది. అది పెద్దతల్లి అత్త మొగుడి పడవ. ఆ వరస ఫోన్‌లో ఎర్రగానే ఉంది.

"అత్తా, నీది నింపనేదేటి?"

అత్త నావైపు చూడలేదు. "నాకు పిల్లల్నేరు కదే. ఎవుల నాన్నని రాయమంతావు?" అంది.

పొద్దున్న ఒక రూల్‌తో అందరినీ వెలేశాను, ఇప్పుడు ఇంకో రూల్‌తో ఒక్కదాన్ని వెలేశాను. రూల్ మార్చబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోయినేడు గోడ సూసి మీ నాన్న వచ్చేసినాడని మీయమ్మకి ఫోనులో సెప్పింది నానే. నిద్దరట్టలేదు నాకు నెల్రోజులు," అంది. తర్వాత పమిట సర్దుకుని, అలల మోత మీదుగా వినపడేలా అరిచింది. "రామూర్తి! రాసుకో! సోడిపల్లి రామూర్తి!"

"ఓలమ్మో!" అని అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆఖరి పడవ ఒడ్డు తాకుతోంది. మోకాళ్లలోతు నీళ్లలోకి దిగిన రామూర్తి మావ తాడు వదిలేసి నిలబడిపోయాడు.

"ఎవులే నన్ను పేరెట్టి పిలిసినారు?"

"నానే," అంది అత్త. "వచ్చినావా?"

"వచ్చినాను," అన్నాడు మావ. నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి పెళ్లాం నోట పేరు విన్నాడు, తాడు అల వెంట పోతున్నా పట్టించుకోలేదు. రాజేంద్రే పరుగెత్తి పట్టుకున్నాడు, ప్యాంటు నడుముదాకా తడిసింది.

ఆ పేరే నేను గడిలో ఎక్కించాను, అత్త తన వేలితోనే "వచ్చాడు" నొక్కింది. పచ్చ టిక్కు పడింది. చెవి వెనక సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టి, పమిట కొంగు సముద్రంలో తడుపుకొచ్చి, గోడ మీది కొబ్బరికాయని తుడిచేసింది.