స్టోర్‌రూమ్ అని రాసిన గది

మా ఊళ్ళో ఇళ్ళకు కాళ్ళుంటాయి. వాగు పొంగితే నీళ్ళు కింద నుంచి పోవాలని, మనుషులు పైన నిశ్చింతగా ఉండాలని, పాతకాలం వాళ్ళు మనిషెత్తు కర్ర స్తంభాల మీద ఇళ్ళు కట్టారు. బాగానే ఉంది. కానీ తరవాత వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? కింద జాగా వృథాగా పోతోందని నాలుగు రేకులు కొట్టి, ఓ తలుపు బిగించి, గది చేసేశారు. కింద గదుల్లో పడుకోకూడదని నగరపాలిక నిబంధన. అందుకని ఎవరొచ్చి అడిగినా "అదా, స్టోర్‌రూమ్" అంటారు. లోపల మంచం ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, గోడకి క్యాలెండర్ కూడా ఉంటుంది. అయినా సరే, స్టోర్‌రూమే. ఆస్ట్రేలియాలో ఈ క్వీన్స్‌లాండ్ మొత్తంలో ఆ అబద్ధం ఆడని కొంప ఒక్కటుంటే చూపించండి.

బ్రొన్విన్ హాలెట్‌కి ఈ సంగతి తెలియక కాదు. ఆవిడ పెరిగింది అలాంటి స్టోర్‌రూమ్‌లోనే. ఇప్పుడు యాభై మూడేళ్ళు. నగరపాలిక వరద విభాగంలో ఉద్యోగం. వాతావరణం మీద పెద్ద సంస్థలు వేసే లెక్కల్లో మా ఊరంతా కలిపి ఒక్క గడి. ఆ గడిలో వాన అంటే ఊరంతా వానే. బ్రొన్విన్ ఆరేళ్ళు కూర్చుని ఆ ఒక్క గడినీ ఐదేసి మీటర్ల గడులుగా విడగొట్టింది. సముద్రం వేడెక్కిన కొద్దీ కుంభవృష్టి ఎంత ముదురుతుందో, అది ఏ గుట్ట మీద పడితే ఏ కాలవలోకి దిగుతుందో, ఏ వీధిలో ఎంతసేపట్లో ఎంత లోతు నిలుస్తుందో ఆవిడ కంప్యూటర్ మోడల్ చెబుతుంది. నీళ్ళు ఇంటి నేలకంటే పైకొచ్చేలా ఉంటే ఆ ఇల్లు ఎరుపు: వెంటనే వెళ్ళిపొండి. రాకపోతే ఆకుపచ్చ: ఇంట్లోనే ఉండండి, రోడ్డెక్కకండి. ఆ కబురు ఎవరి ఫోనుకు వాళ్ళకి దానంతటదే పోతుంది. కింద మాత్రం "బ్రొన్విన్ హాలెట్, వరద విభాగం" అని ఉంటుంది. ఎవరో ఒకరి పేరుంటే జనం నమ్ముతారని పైవాళ్ళు అన్నారు.

పేరు ఊరందరి ఫోన్లలోనూ ఉంది. మనిషిని మాత్రం పలకరించే దిక్కు లేదు. మొగుడు విడాకులు తీసుకుని వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళంతా పబ్బుకి పోతూ "వస్తావా బ్రోన్?" అనేవారు. ఈవిడ పనుందనేది. మూడు నాలుగు సార్లు అన్నాక వాళ్ళు అడగడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు, ఆ మాట ఆవిడకీ తెలుసు. ఇంకొక్కసారి అడుగుతారేమో అని మాత్రం ఏ శుక్రవారానికా శుక్రవారం బ్యాగు సర్దడం ఆలస్యం చేసేది.

ఆవిడకి ఫోన్ చేసే మనిషి ఒక్కడే, క్లారీ నూనన్. ఎనభై ఒక్కేళ్ళ ముసలాడు. చక్కెర మిల్లు రైలింజను నలభై ఏళ్ళు నడిపి రిటైరయ్యాడు. వాగు పక్కన కౌరీ వీధిలో చివరిల్లు. రెండేళ్ళ కిందట ఇళ్ళ నేల ఎత్తులు కొలవడానికి బ్రొన్విన్ వీధి వీధీ తిరిగినప్పుడు పరిచయం. పై అంతస్తు కొలిచాక, "కింద ఆ గదేమిటి?" అని అడిగింది.

"స్టోర్‌రూమ్" అన్నాడు క్లారీ, మొహం ఎటో పెట్టి.

తలుపు ఓరగా ఉంది. లోపల మంచం మీద దిండు, దిండు మీద కళ్ళజోడు కనిపించాయి. నిజం రాస్తే జరిమానాల విభాగం వాళ్ళు వచ్చి రేకులు పీకించేస్తారు. ముసలాడు కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు, పైకి పద్నాలుగు మెట్లు. పాపం అనిపించింది. కాగితం మీద "స్టోర్‌రూమ్" అని రాసుకుని వచ్చేసింది. ఆ సర్వేలో అలా రాసిన ఇళ్ళు వందకు తక్కువుండవు. అప్పుడది దయే అనుకుంది, ఆ తరవాత మరిచిపోయింది.

అప్పట్నుంచీ ఎప్పుడు చినుకు పడినా ఫోన్ మోగేది.

"ఏమ్మా, నీ పెట్టె ఏమంటోంది?"

"నలభై సెంటీమీటర్లు క్లారీ, నాలుగింటికి."

"ముప్పై రెండు! నా స్తంభం మీద రంగు గీతలున్నాయి. నీ పెట్టె అబద్ధాలకోరు."

"నాలుగు ఇంకా కాలేదు కదా మహానుభావా! మూడున్నరే అయింది."

"సరే, నాలుగింటికి మళ్ళీ చేస్తా. ఎక్కడికీ పోకు."

ఎక్కడికి పోతుంది? నాలుగింటికి ఫోన్ మోగేది. నలభై ఒకటి అని గొణిగి పెట్టేసేవాడు. ఆవిడ లోపల్లోపల నవ్వుకునేది. చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఎండలు కాసిన వారాల్లో ఆవిడకి దిగులుగా ఉండేది.

ఫిబ్రవరిలో ఆ గురువారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. మోడల్ ముందురోజే చెప్పింది. గంటలో నూట పది మిల్లీమీటర్లు, వాగు ఎగువన. ఊళ్ళో రెండొందల ఎర్ర ఇళ్ళు. పొద్దున్నే కబుర్లు పోయాయి, జనం సర్దుకుని వెళ్ళారు. ఆఫీసులో వరద పర్యవేక్షణ గదిలో గోడంత తెర మీద పటం. పడవలు పంపే పని డెన్‌హమ్‌ది. నారింజ చొక్కా, బొంగురు గొంతు, మాటకి ముందు విసుగు. "రంగు చూసి పడవ" అంటాడు. ఉన్నవి ఆరు పడవలే మరి.

ఒంటిగంటకి కౌరీ వీధిలో ఎనభై సెంటీమీటర్లు. బ్రొన్విన్ పటంలో చివరిల్లు చూసింది. ఆకుపచ్చ. హమ్మయ్య అనుకుంది. ఒంటిగంటన్నరకి మీటరు పది. ఇల్లు ఇంకా ఆకుపచ్చే, నేల ఎత్తు రెండు మీటర్ల అరవై కదా. పని చేస్తూనే ఉంది గానీ చెయ్యి మాటిమాటికీ ఫోన్ మీదికి పోతోంది. ఫోన్ మోగలేదు. పిసరంత చినుక్కి కూడా గొడవ చేసేవాడు, ఇవాళ ఇంత వానకి నోరెత్తడేం?

తనే చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే అసలు మోగనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. పోయిన నెల ఓ పొద్దున్న, "ఈ వానలో మెట్లు దిగి గీతలు చూడకండి క్లారీ, జారిపడతారు" అంటే, ముసలాడు కిసుక్కున నవ్వి, "దిగడమెందుకే పిచ్చిదానా, పక్క మీంచే కనిపిస్తుంది" అన్నాడు. పక్క మీంచి. స్తంభం అడుగు గీతలు. దిండు మీద కళ్ళజోడు.

కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"డెన్‌హమ్! కౌరీ వీధి చివరింటికి పడవ కావాలి."

"అది ఆకుపచ్చ."

"తప్పు. అది ఎరుపు."

"నీ పటమే కదమ్మా తల్లీ! నువ్వే ఆకుపచ్చ వేసి నువ్వే కాదంటే నేనెవర్ని నమ్మాలి? ఎర్ర ఇళ్ళల్లో ఇంకా పదకొండు మిగిలున్నాయి."

గదిలో పన్నెండు మంది ఉన్నారు. శుక్రవారాలు పబ్బుకి పోయేవాళ్ళు, ఆవిడ పైఅధికారి, జరిమానాల విభాగం వాడు కూడా. అందరూ తలెత్తారు.

"నేనే తప్పు రాశాను" అంది బ్రొన్విన్. "తెలిసే రాశాను. ఆయన కింద పడుకుంటాడు. మంచం చూసి కూడా స్టోర్‌రూమ్ అని రాశాను. ఆయనొక్కడే కాదు, స్టోర్‌రూమ్ అని నేను రాసిన ప్రతి ఇల్లూ అంతే. అందరికీ ఇంట్లోనే ఉండండి అని కబురు పంపాం."

ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ ఇళ్ళన్నిటికీ నేల ఎత్తు సున్నా చేసింది. ఆకుపచ్చ పటం మీద నూట ఆరు ఇళ్ళు ఒక్కసారి ఎర్రబడ్డాయి. డెన్‌హమ్ "ఓరి దేవుడా" అన్నాడు.

"పడవలన్నీ అక్కర్లేదు. నడవగలిగినవాళ్ళు పైకెక్కితే చాలు" అంటూ ఆవిడ కబురు రాసింది, ఈసారి సొంత చేత్తో. "కింద గదుల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడే పై అంతస్తుకి వెళ్ళండి. గది గురించి మిమ్మల్నెవరూ ఏమీ అడగరు, జరిమానా లేదు." చివరి మాట రాసే అధికారం ఆవిడకి లేదు. జరిమానాలవాడి వంక చూసింది. వాడు తల తిప్పుకున్నాడు. పంపేసింది. "క్లారీ మాత్రం ఎక్కలేడు డెన్‌హమ్. ఒక్క పడవ."

డెన్‌హమ్ ఓ క్షణం చూసి, రేడియో అందుకున్నాడు. "నాలుగో పడవ, కౌరీ వీధి చివరిల్లు. ముందు కింద గది చూడండి."

ఇరవై రెండు నిమిషాలు. ఎవరో టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. తాగలేదు. తెర మీద మీటరు నలభై, మీటరు యాభై. ఆవిడ వేసిన లెక్క సెంటీమీటరు తేడా రాకుండా నిజమవుతోంది.

రేడియో గరగరలాడింది. "కింద గది తలుపు తోశాం. మంచం తేలుతోంది. లోపల మనిషి లేడు."

బ్రొన్విన్ బల్ల అంచు పట్టుకుంది.

"ఆగండి ఆగండి. ఉన్నాడు. వెనక మెట్ల మీద. కూర్చుని వెనక్కి వెనక్కి ఎక్కినట్టున్నాడు, ఎనిమిదో మెట్టు మీద ఉన్నాడు. కాళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి. తిడుతున్నాడు."

డెన్‌హమ్ పెద్దగా నవ్వాడు. బ్రొన్విన్ వెళ్ళి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది.

సాయంత్రం సంతమైదానం హాల్లో పెట్టిన వరద శిబిరంలో ఉన్నాడు క్లారీ, దుప్పటి కప్పుకుని, మోకాలికి కట్టుతో. చేతిలో టీ కప్పు. ఆవిణ్ణి చూసి, "ఎంతమ్మా చివరికి?" అన్నాడు.

"మీటరు యాభై ఎనిమిది."

"నేను మీటరు యాభై దాకా చూశా. తరవాత కళ్ళజోడు పోయింది."

"పక్కింటివాళ్ళు పిలవలేదా?"

"పిలవకేం? పొద్దున్నే కారు గుమ్మం ముందు పెట్టి ఒకటే హారన్. నేనే పోలేదు."

"ఎందుకని?"

"అదేమిటి, నువ్వే ఉండమన్నావుగా." తడిసి చచ్చిపోయిన ఫోన్‌ని జేబులోంచి తీసి చూపించాడు, అందులో ఇంకా ఏదో కనిపిస్తున్నట్టు. "ఇంట్లోనే ఉండండి అని. కింద నీ పేరు. నాకు కబురు పెట్టేవాళ్ళు ఎవరున్నారు? రెండుసార్లు చదువుకున్నా."

అది తను రాసింది కాదని, పెట్టె దానంతటదే ఊరందరికీ పంపిందని చెప్పాలి. నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయింది.

"క్లారీ, ఆ రోజు నేను మీ దిండు చూశాను."

"నువ్వు చూడటం నేనూ చూశాను. స్టోర్‌రూమ్ అని రాశావు, మంచిపిల్ల అనుకున్నా." టీ గుక్కెడు తాగాడు. "మోకాళ్ళ వల్ల కింద పడుకుంటున్నా అని చెబుతాను అందరికీ. మోకాళ్ళ నొప్పి నిజమే. కానీ పైన ఐదు గదులు తల్లీ. మా ఆవిడ డార్సీ పోయాక ఏ గదిలో దగ్గినా ఐదు గదుల్లో వినిపిస్తుంది. కింద ఒక్కటే గది, వీధిలో పోయేవాళ్ళ కాళ్ళన్నా కనిపిస్తాయి."

ఆవిడ అతని పక్కన కూర్చుంది. క్షమించమని అడిగింది. "ఊరుకో" అన్నాడు ముసలాడు, విసుగ్గా, ప్రేమగా.

తరవాతి నెల క్లారీని మేనకోడలు కొండల మీద ఊరికి తీసుకుపోయింది. అక్కడ వాగు లేదు, గీతలూ లేవు. బ్రొన్విన్ ఉద్యోగం ఊడలేదు, పేరు మీద ఓ హెచ్చరిక పడిందంతే. మళ్ళీ వీధి వీధీ తిరిగే పని పట్టింది. ఈసారి కొత్త ఫారం. నేల ఎత్తుతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు: మీరు నిజంగా పడుకునేది ఎక్కడ? మీరు ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెప్పాలి? ఈ జవాబులు జరిమానాల విభాగానికి చేరవని పైవాళ్ళ చేత సంతకం పెట్టించుకుంది.

పని చేస్తోందో లేదో చూద్దామని ఓ ఆదివారం ఇంట్లో కూర్చుని తన ఫారమే నింపింది. నాలుగో అంతస్తు. పడకగదిలోనే. మూడో గడి దగ్గర చెయ్యి ఆగింది. ఆ గడి నింపకపోతే మోడల్ ఒప్పుకోదు, ఆ నియమం పెట్టింది తనే. చాలాసేపు కూర్చుంది. తరవాత మేనకోడలింటికి ఫోన్ చేసింది.

"వాన పడుతోందా అక్కడ?" అన్నాడు క్లారీ ఎత్తీ ఎత్తగానే.

"లేదు, ఎండ కాస్తోంది. మీ పేరు ఓ ఫారంలో రాసుకోవచ్చా? నేను ఫోన్ ఎత్తకపోతే చెప్పాల్సిన మనిషి అని."

"నన్నా? నీకేం మతిపోయిందా? మెట్లెక్కలేనివాణ్ణి నేనేం చేస్తాను?"

"అరవాలి. ఎవరో ఒకరు వెళ్ళి చూసేదాకా."

"అరవడం వచ్చులే" అన్నాడు. "రాసుకో. అక్షరాలు తప్పులు పోకుండా రాయి."

"సంబంధం అని ఇంకో గడి ఉంది క్లారీ. ఏమని రాయను?"

"స్టోర్‌రూమ్ అని రాసెయ్. ఎవరూ అడగరు."

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ ఫ్లాటులో అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్ళీ మామూలైపోయింది. ఈసారి అబద్ధం రాయదలుచుకోలేదు. ఆలోచించి ఆ గడిలో రాసింది: వాన పడితే ఫోన్ చేస్తాడు.